అక్క తలెత్తి చూసిన వేసవి

మా అక్క ఆ ఊరికి వచ్చింది ఊరు చూడటానికి కాదు, మా పాపను తీసుకుపోవడానికి.

ఫోన్లో నోరు జారింది నేనే. "సీసా పాలు ముట్టట్లేదక్కా, కాస్త చిక్కినట్టుంది" అన్నాను. అవతల కాసేపు మర చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. తర్వాత ఆ చప్పుడు ఆగింది. పట్టపగలు అక్క మర ఆపిందంటే విషయం పెద్దదన్నమాట. "వస్తున్నా" అని ఒక్క ముక్క చెప్పి పెట్టేసింది.

అక్కకు పిండిమర ఉంది. నేను చంకలో ఉండగానే అమ్మ పోయింది, నేను బడికి వెళ్లే రోజుల్లో నాన్న పోయాడు. మరనూ నన్నూ ఆవిడే నడిపించింది. రేకుల కప్పు కింద, బెల్టు మోతలో, పిండి దుమ్ములో ఆవిడ వయసు గడిచింది. కనుబొమల మీద పిండి లేని అక్కను నేను చూసింది తక్కువ. మర మోత మీద మాట్లాడీ మాట్లాడీ గొంతు పెద్దదైపోయింది. ఆవిడ చెవిలో చెప్పే రహస్యం వీధి చివరిదాకా వినిపించేది. పెళ్లి మాట ఎత్తినవాళ్లను "మరి మర ఎవరు చూస్తారు, మీరా?" అని అడిగి సాగనంపేది. కొన్నాళ్లకు అడిగేవాళ్లూ మానేశారు.

ఆ ఏడు వేసవికి మేము ఆ పాత నగరంలో కాపురం పెట్టడానికి కారణం నా భార్య ఉద్యోగం. పాత గోడల మీది రంగుల బొమ్మలను శుభ్రం చేసి నిలబెట్టడం ఆమె పని. అక్కడి కోటలో ఒక పెద్ద కొలువుకూటం ఉంది. దాని పైకప్పంతా బొమ్మలే అని అందరూ అంటారు గానీ చూసినవాళ్లు లేరు. తరతరాల దీపాల పొగ పట్టి అది పెనం అడుగులా నల్లగా ఉండేది. వానలు పడేలోగా ఆ మసి తియ్యాలి. అలాంటి పని తనను వెతుక్కుంటూ రావాలని ఆమె ఏళ్ల తరబడి ఎదురుచూసింది. తీరా కబురొచ్చేసరికి పాప ఇంకా బోర్లా పడటమే నేర్చుకుంటోంది. నేను పనిచేసే ప్రెస్సు అప్పటికే మూతపడింది.

"నువ్వు బొమ్మలు తుడువు, నేను పాప ముడ్డి తుడుస్తాను" అన్నాను.

నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. బయల్దేరాం.

మాకు దొరికిన గది ఒక సన్న వీధిలో, మేడ మీద. కిటికీ చుట్టూ రాతిలో చెక్కిన తీగలూ పువ్వులూ ఉండేవి. రోజూ పొద్దున్నే ఊరు చూడవచ్చినవాళ్లు వీధిలో గుంపుగా నిలబడి మా కిటికీని ఫొటోలు తీసుకునేవాళ్లు. దాని కింద దండెం మీద మా పాప గుడ్డలు ఆరుతూ ఉండేవి. ప్రపంచంలో ఎన్ని దేశాల ఆల్బమ్‌లలో మా పాప లంగోటాలున్నాయో ఆ దేవుడికే తెలియాలి.

పాపను మేము దొరసాని అని పిలిచేవాళ్లం. అది చూసే చూపు అలాంటిది. తోపుడుబండి కొన్నాం కానీ ఆ వీధుల రాళ్ల మీద అది గడగడలాడితే దొరసాని ఊరంతా వినబడేలా అభ్యంతరం చెప్పింది. దాంతో బండి మూలన పడింది, నేను గుండెకు జోలె కట్టుకున్నాను. దొరసానికి సీసా అంటే శత్రువు. రబ్బరు తగలగానే పెదాలు బిగించి, మొహం పక్కకు తిప్పేసుకునేది. అందుకని ఆకలి వేసినప్పుడల్లా జోలెలో వేసుకుని ఊరికి ఈ కొస నుంచి ఆ కొసన ఉన్న కోటకు నడిచేవాణ్ణి. లోపల మసి తీసే మందుల వాసన, దుమ్ము. పిల్లలను రానివ్వరు. పైఅధికారిణిని అందరూ పెద్దమేడమ్ అనేవాళ్లు. మాట తక్కువ, రూలు ఎక్కువ. నేను చెట్టు కింద నిలబడి కబురు పంపితే, నా భార్య పరంజా మీది నుంచి నిచ్చెనలన్నీ దిగి, చేతులు మోచేతులదాకా కడుక్కుని, పరుగున వచ్చి పాలిచ్చి, మళ్లీ పరుగున ఎక్కేది.

అలా తిరగడంలోనే ఆ ఊరు నాకు కనిపించింది. నిజం చెప్పాలంటే పాత కట్టడాలంటే నాకు పెద్ద పట్టింపు లేదు. కానీ నా గుండెల మీద ఉన్న మనిషి తల వెనక్కి వాల్చి ఎప్పుడూ పైకే చూస్తుండేది. దాని చూపు ఎటు పోతుందా అని నేనూ చూసేవాణ్ణి. కోటగోడ ద్వారం లోపలి కమాను మీద, ఎవరూ తలెత్తని చోట, చెక్కిన నెమళ్లు. ఒక పాత బావి మీది గొడుగులాంటి రాతి కప్పు. బజారు వీధిలో దుకాణాల బోర్డులకు పైన, వందల ఏళ్లుగా ఎండలో నిలబడి ఉన్న ఏనుగులు. ఎవరు చెక్కారో, ఎవరు చూస్తారనుకుని చెక్కారో! మా దొరసాని మాత్రం ఒక్కదాన్నీ వదలకుండా చూసింది.

కానీ పనిలో నా భార్య వెనకబడింది. దిగడానికీ ఎక్కడానికీ సగం పూట పోయేది. ఒకరోజు పెద్దమేడమ్ ఆమెను పిలిచి, "వానలు మన కోసం ఆగవమ్మా. చెయ్యగలవో లేదో చూసుకుని చెప్పు, వేరేవాళ్లను పిలుస్తాను" అంది. కోపంగా కూడా అనలేదట. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

సరిగ్గా ఆ వారంలోనే అక్క దిగింది.

స్టేషన్‌లో రైలు ఆగకముందే ఆవిడ గొంతు వినిపించింది. "ఒరేయ్! ఇక్కడ్రా!" ఒక చేతిలో బట్టల సంచి, ఇంకో చేతిలో మరలో ఆడించిన జావపిండి డబ్బా. పాపను నా జోలెలోంచి లాక్కుని, ఎండకు పట్టి, కాళ్లూ చేతులూ నొక్కి చూసింది.

"ఏదిరా పిల్ల? ఎముకలు చుట్టి తెచ్చావా గుడ్డలో?"

"అంత లేదక్కా."

"నువ్వు మాట్లాడకు. ఈ ఎండలో పిల్లను వేసుకుని రాళ్లు చూస్తూ తిరుగుతున్నావంట. రాళ్లు మనూళ్లో లేవా?"

గదికి రాగానే అక్క తన నిర్ణయం చెప్పేసింది. నా భార్య అప్పుడే పని నుంచి వచ్చింది. చెవుల వెనక మసి, కళ్లకింద అలసట.

"చూడు తల్లీ, నీ పని మానమని నేననను. నేనూ పనిచేసుకుని బతికినదాన్నే. పిల్లను నాతో పంపు. నాలుగు రోజులు ఏడుస్తుంది, అయిదో రోజు తాగుతుంది. వీణ్ణి అలాగే పెంచాను. నీ పనయ్యాక వచ్చి తీసుకుపో."

నా భార్య "చూద్దాం వదినా" అని మాత్రం అంది.

మర్నాడు పొద్దున్నే, అక్క కిందికి నీళ్లకు వెళ్లినప్పుడు, నా భార్య పాప గుడ్డలు మడత పెడుతూ కనిపించింది. వదిన ముందు నన్ను 'మీరు' అంటుంది గానీ మేమిద్దరమే ఉన్నప్పుడు 'నువ్వు'.

"పంపిద్దాం" అంది నావైపు చూడకుండా.

"నిజంగానా?"

"నువ్వు చెప్పు మరి, ఏం చెయ్యను? ఒక అరచెయ్యంత చోటు తుడుస్తాను, కింద నుంచి కబురొస్తుంది. దిగుతాను. ఎక్కాక ఎక్కడ ఆపానో తెలీదు. ఇటు బొమ్మకీ న్యాయం చెయ్యట్లేదు, అటు దీనికీ చెయ్యట్లేదు." మడత పెట్టిన గుడ్డను విప్పి మళ్లీ మడత పెట్టింది. "వెళ్లాక నా పాలు ఆగిపోతాయి కదా. తిరిగొచ్చాక నన్ను గుర్తుపడుతుందో లేదో."

ఆమె చేతిలో గుడ్డ తీసుకుని నేను మడత పెట్టాను.

అక్క తిరుగు బండి సోమవారం పొద్దున. పాపకు వేరే సంచి సర్దారు. ఆదివారం నా భార్యకు సెలవు.

"వచ్చినదానివి ఊరు చూడకుండా వెళ్తావా అక్కా?" అన్నాను. నిజానికి ఆ రోజంతా గదిలో కూర్చుని ఆ సంచిని చూస్తూ ఉండలేక అన్న మాట అది.

"నాకెందుకురా? కాళ్లనొప్పులు తప్ప ఏమొస్తుంది?" అంటూనే చెప్పులేసుకుంది, పాపను ఎత్తుకోవచ్చు కదా అని.

దారంతా అక్క వ్యాఖ్యానం సాగింది. కోటగోడ చూసి "ఇంత గోడ కట్టినవాడికి ఎంత భయమో" అంది. రాజుగారి స్నానాలగది చూసి "నీళ్లు ఎవరు మోశారంట?" అని అడిగింది. అక్కడి గైడు ఆ ప్రశ్నకు తయారుగా లేడు. సన్న వీధుల్లో మా వెనక వస్తున్న ఊరు చూసేవాళ్ల గుంపు ఒకటి అసలు గైడును వదిలేసి మా అక్క గొంతునే అనుసరించడం మొదలుపెట్టింది. నా భార్య నవ్వాపుకుంటోంది. ఆమె నవ్వు చూసి చాలా రోజులైంది. కానీ పాప కాలిమడమను పట్టుకునే నడుస్తోంది, వదలట్లేదు.

చివరికి పెద్ద గుమ్మటం దగ్గరకు వచ్చాం. బయటి నుంచి చూస్తే దాని మొహంలో ఏ కళా లేదు. సున్నం రాలిన పెద్ద బోర్లించిన కుండ. లోపలికి వెళ్లే దారి మనిషి వంగి నడవాల్సినంత చిన్నది.

"ఇందులోకా? గాదెలా ఉంది" అంది అక్క. పాపను రొమ్ముకు అదుముకుని, తలమీద చెయ్యి అడ్డం పెట్టి, వంగి నడిచింది. చీకటి. రాతి చల్లదనం. ముందు అక్క, వెనక నేను, నా వెనక నా భార్య. "ఇదేం దారిరా, ఇంత ఇరుగ్గా పెట్టుకున్నారు, మనిషన్నవాడు..."

దారి అయిపోయింది. అక్క నడుము ఎత్తి నిలబడింది. మాట మధ్యలోనే ఆగిపోయింది.

ఆ గది పరిమాణం చెప్పడం నాకు చేతకాదు. మా ఊరి బడీ, ఆసుపత్రీ, బజారూ తెచ్చి అందులో పెట్టినా పైన ఆకాశమంత ఖాళీ మిగిలేది. మధ్యలో ఒక్క స్తంభం లేదు. గోడలు పైకి పోయి పోయి, ఎక్కడ వంగాయో తెలియకుండా వంగి, ఎక్కడో చీకట్లో కలుసుకున్నాయి. చాలా ఎత్తున చుట్టూ చిన్న చిన్న కంతలు. వాటిలోంచి ఎండ కర్రల్లా దిగింది. ఆ ఎండలో పావురాలు ఎగురుతుంటే అవి పావురాలని ముందు తెలియలేదు. దుమ్ము నలుసులనుకున్నాం.

అప్పుడు పైనుంచి అక్క మాటే తిరిగొచ్చింది. "మనిషన్నవాడు... మనిషన్నవాడు... మనిషన్నవాడు..." ప్రతిసారీ కొంచెం మెత్తబడుతూ, ఎవరో పెద్దవాళ్లు ఆవిడ మాటను చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తున్నట్టు.

పాప అది విన్నది. బిగుసుకుపోయింది. తల వెనక్కి వాల్చి పైకి చూసి, "ఆ" అంది.

గుమ్మటం "ఆ" అంది. ఆ పక్క నుంచి, ఈ పక్క నుంచి, నెత్తిమీది నుంచి.

పాప ఊపిరి బిగబట్టింది. దాని కళ్లు అంత పెద్దవని నాకప్పుడే తెలిసింది. మళ్లీ "ఆ" అంది. మళ్లీ జవాబొచ్చింది. ఇంక ఆపుకోలేక కేరింత కొట్టింది. ఆ కేరింత గుండ్రంగా గోడల వెంట పరుగెత్తి, ఒకటి వందయి, ఆ గుమ్మటం నిండా పసిపిల్లలు ఉన్నట్టయింది. లోపలున్న జనమంతా ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. ఫోన్లు పట్టుకున్నవాళ్లు చేతులు దించేశారు. ఆ నవ్వు చిన్నదవుతూ చిన్నదవుతూ పైన చీకట్లోకి ఇంకిపోయేదాకా అందరం తలలెత్తి నిలబడ్డాం.

నేను అక్కవైపు చూశాను. ఆవిడ నోరు తెరుచుకుని ఉంది. ఒక చేత్తో పాపను పట్టుకుని, ఇంకో చెయ్యి తన మెడవెనక వేసుకుని ఉంది. అంత ఎత్తుకు చూసే అలవాటు ఆ మెడకు లేదు. నా జీవితంలో మొదటిసారి ఆవిడ నెమ్మదిగా మాట్లాడటం విన్నాను.

"ఒరేయ్. ఇలాంటివి ఉంటాయని నాకెవరూ చెప్పలేదేంరా?"

బడిలో ఉన్నప్పుడు ఆవిడ నన్ను విహారయాత్రకు పంపింది. తిరిగొచ్చాక, పిండి జల్లెడ పక్కన పెట్టి, ఏం చూశావురా అని అడిగింది. బస్సులో ఎవడెవడు వాంతి చేసుకున్నాడో వివరంగా చెప్పాను. ఆవిడ పడీపడీ నవ్వింది. ఇంకేం చూశావని అడగలేదు, నేనూ చెప్పలేదు.

గదికి తిరిగి వచ్చాక అక్క అన్నం తిని, గోడవైపు తిరిగి పడుకుంది.

సోమవారం తెల్లారి లేచేసరికి అక్క లేదు. పాపా లేదు. జోలె కూడా లేదు.

నా భార్య మొహం పాలిపోయింది. "వదిన ముందే స్టేషన్‌కి వెళ్లిపోయిందా? నేను చూస్తే ఏడుస్తానని చెప్పకుండా..."

"సంచులు ఇక్కడే ఉన్నాయి కదా."

"సంచులతో ఏం పని? పిల్లే కదా కావాల్సింది!" అని మెట్లు దిగింది. నేను స్టేషన్ వైపు పరుగెత్తాను, ఆమె నదిగట్టు వైపు. ప్లాట్‌ఫారం ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ప్రతి కిటికీలోకీ తొంగిచూశాను. ఎవరి పాపనో చూసి దొరసాని అనుకుని చెయ్యి చాపాను, ఆ తల్లి పాపను వెనక్కి లాక్కుంది. బండి కూతేసి కదిలింది. ఆ బండిలో అక్క లేదని నాకు నమ్మకమూ లేదు, ఉందని చెప్పనూ లేను.

ఖాళీ పట్టాల ముందు నిలబడి ఉండగా అక్క ఎక్కడుంటుందో తట్టింది. వెనక్కి పరుగెత్తాను.

గుమ్మటం అప్పుడే తెరిచినట్టున్నారు. లోపల ఊడ్చేవాళ్లు తప్ప ఎవరూ లేరు. అక్క నేలమీద గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. ఒళ్లో పాప మేలుకుని, తన వేళ్లు తాను నములుతూ పైకి చూస్తోంది.

"అక్కా!"

"అరవకు. మోగుతుంది." పైకి వేలు చూపించింది. "నిన్న సాయంత్రం వెలుతురు ఆ పక్క కంతల్లోంచి పడింది. పొద్దున ఈ పక్కనుంచి రావాలి కదా, చూద్దామని వచ్చాను. వస్తోంది చూడు."

నేను ఆవిడ పక్కన కూలబడ్డాను.

"బండి వెళ్లిపోయిందా?" అంది.

"వెళ్లిపోయింది."

"సరే."

ఎండ మొదటి కర్ర ఎదుటి గోడ మీద పడింది. కాసేపు దాన్నే చూసి, పాప నెత్తి నిమిరి, తనలో తాను అనుకున్నట్టు అంది. "దీన్ని తీసుకుపోయి ఏం చూపించనురా? రేకులా?"

అప్పుడే, దారిలో ఎవరినో అడిగి తెలుసుకుని, నా భార్య ఆ ఇరుకు దారిలోంచి వచ్చింది. చెప్పులు ఎక్కడో జారిపోయాయి, జుట్టుముడి ఊడింది. మా ముగ్గుర్నీ చూసి అక్కడే నిలబడిపోయింది.

"ముందు పాలియ్యి తల్లీ, ఆకలిగా ఉంది. తర్వాత తిడుదువుగాని" అంది అక్క.

నా భార్య తిట్టలేదు. ఆవిడ పక్కనే గోడకు ఆనుకుని కూర్చుని పాపను తీసుకుంది. అక్క తన పైట చెంగుతో ఆమె మొహం మీది చెమట తుడిచింది. అందరం అలా కూర్చుని ఉండగా ఎండ కర్రలు ఒక్కొక్కటే దిగాయి.

ఆ రోజు నుంచి జోలె అక్కదైపోయింది. పాపకు జావ పట్టే కిటుకు కూడా గుమ్మటంలోనే దొరికింది. తల వెనక్కి వాల్చి పైకి చూసేటప్పుడు దొరసాని నోరు దానంతటది తెరుచుకుంటుంది. అక్క జావ గిన్నె కొంగుచాటున పెట్టుకుని లోపలికి తీసుకుపోయి, పాప పావురాలను చూస్తుండగా చెంచా అందించేసేది. మింగాక గానీ దొరసానికి తెలిసేది కాదు మోసం జరిగిందని. "రాజులు ఇంత కష్టపడి కట్టింది నీకు జావ పట్టడానికేనే" అనేది అక్క. కొన్నాళ్లకు గుమ్మటం లేకపోయినా తాగడం నేర్చుకుంది. నా భార్య మధ్యలో ఒక్కసారి దిగితే సరిపోయేది. పాప బుగ్గలు తేరాయి. నాకు బజారులో చిన్న ప్రెస్సు ఒకటి పని ఇచ్చింది. ఊరి పటాలు అచ్చువేసే పని. నా వేళ్లకు మళ్లీ సిరా అంటింది.

అక్కకు తెలియని గోడ ఊళ్లో మిగల్లేదు. సాయంత్రం నేను వచ్చేసరికి ఆవిడ దగ్గర ఏదో ఒకటి తయారుగా ఉండేది. "మెట్లబావి అడుగున చివరి మెట్టు మీద ఒక చెయ్యి ముద్ర ఉందిరా, చిన్నది, ఆడమనిషిది." "పాత వంతెన కింద నిలబడితే నీళ్ల వెలుగు పైకప్పు మీద పాములా పాకుతుంది. దొరసాని దాన్ని పట్టుకోబోయింది." చెబుతున్నప్పుడు ఆవిడ కనుబొమలు పైకి లేచేవి. పిండి లేని కనుబొమలు. ఊరి నుంచి ఎవరో ఫోన్ చేసి మర ఎప్పుడు తెరుస్తావని అడిగితే, "పక్కవీధిలో ఇంకోటుందిగా, అక్కడ ఆడించుకోండి" అని పెట్టేసింది.

తొలకరి మబ్బులు కనిపిస్తుండగా కొలువుకూటంలో పని ముగిసింది. పరంజా విప్పిన రోజు పనివాళ్ల ఇళ్లవాళ్లను కూడా లోపలికి రానిచ్చారు. అంత పెద్ద కూటంలో వంద మందిమి మెడలు వెనక్కి విరుచుకుని నిలబడ్డాం. ఎటు చూసినా నీలం. నీలం మీద బారులు బారులుగా తెల్లటి కొంగలు.

"ఇలా చూస్తే ముక్కలుముక్కలుగా కనిపిస్తోందే" అంది అక్క. పాపను నా చేతికిచ్చి, చీర సర్దుకుని, అంతమంది మధ్యలో, కూటం నడిబొడ్డున, నేలమీద వెల్లకిలా పడుకుంది.

జనం పక్కకు జరిగారు. పెద్దమేడమ్ అటుగా వచ్చింది. ఏమైనా అంటుందేమోనని నేను ఒక అడుగు ముందుకు వేశాను. ఆమె అక్క మొహం చూసింది, పైకి చూసింది, అక్కడే నిలబడింది.

చాలాసేపు అక్క కదల్లేదు. తర్వాత నా భార్యవైపు తల తిప్పింది.

"రా తల్లీ, పడుకో. నువ్వు చూడనేలేదుగా."

నిజమే. వేసవంతా ఆమె పరంజా మీద, ముక్కు తగిలేంత దగ్గర్లో, అరచెయ్యంత చోటు చొప్పున తుడిచింది. మొత్తం ఒక్కసారి కూడా చూడలేదు. ఆమె చుట్టూ చూసి, మొహమాటంగా నవ్వి, వదిన పక్కన పడుకుంది.

కాసేపటికి ఆమె గొంతు వినిపించింది. "అటు చివర నీలం అంత ముదురుగా ఉంటే మసి సరిగ్గా వదల్లేదనుకున్నాను. ఇటువైపు పాలిపోతే నేనే ఎక్కువ తుడిచానేమోనని ఏడ్చాను వదినా."

"ఎందుకమ్మా ఏడవడం? అటు రాత్రి, ఇటు తెల్లారుతోంది. కొంగలు తెల్లారేవైపు పోతున్నాయి, చూడు."

నా భార్య రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దమేడమ్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. నా చేతుల్లో దొరసాని తల వెనక్కి వేలాడేసింది. మెడకింద చెయ్యి పెట్టి పట్టుకున్నాను.

మర్నాడు మా తిరుగు ప్రయాణం. స్టేషన్‌లో టికెట్లు తీయబోతుంటే అక్క నా మోచెయ్యి పట్టుకుంది.

"మీకు రెండు తియ్యి. నాకు వేరే."

"వేరే ఎక్కడికి?"

"పెద్దమేడమ్‌ను అడిగాను, ఇలాంటివి ఇంకెక్కడున్నాయమ్మా అని. సముద్రం పక్కన ఒక ఊరుందంట. కొండను లోపలికి తొలిచి మేడలు కట్టారంట. తొలిచి కట్టారంట్రా! బయటినుంచి కాదు."

"అక్కడ నీకెవరు తెలుసక్కా? దారి కూడా తెలీదు. మర ఏం కావాలి?"

"నోరుంది, అడుగుతా. మరకు తాళం వేసే వచ్చాను, నీ పెట్టెలో తాళంచెవి పెట్టాను. నీకు నడపాలనుంటే నడుపు, లేకపోతే తుప్పు పట్టనీ." పాప బుగ్గలు రెండూ గట్టిగా ముద్దుపెట్టుకుంది. "నడక రాగానే దీన్ని నా దగ్గరికి పంపు. చూడాల్సినవి చాలా ఉన్నాయి దీనికి."

నా భార్య వంగి ఆవిడ సంచి అందించింది. "జాగ్రత్త వదినా" అంటే, "నాకేమే!" అని ప్లాట్‌ఫారమంతా మోగేలా అరిచింది. ఆ గొంతు మళ్లీ వినేసరికి మాకు నవ్వొచ్చింది.

ఆవిడ బండి మాకన్నా ముందు కదిలింది. కిటికీ దగ్గర చోటు దొరికినట్టుంది, తల బయటపెట్టింది. నేను పాప చెయ్యి పట్టి ఊపాను. నా భార్య ఊపింది. అక్క మావైపు చూడట్లేదు. ఎత్తుగా వంపు తిరిగిన స్టేషన్ ఇనుప కప్పును, దాని అద్దాల్లోంచి దిగుతున్న వెలుతురును చూస్తోంది. బండి మలుపు తిరిగేదాకా అలా తలెత్తి చూస్తూనే వెళ్లింది.